ఊదుడు గదిలో పదిహేను నిమిషాలు

బస్సు డిపోలో ఆ గది తలుపు మీద రాసి ఉన్న పేరు ఒకటి, డ్రైవర్లు పిలిచే పేరు ఇంకొకటి. తలుపు మీద నీలం అక్షరాలతో శ్వాస పరీక్షా కేంద్రం అని ఉంటుంది. డ్రైవర్లు మాత్రం ఊదుడు గది అంటారు. తెల్లారకముందే అక్కడ వరస కడతారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, తమ నంబరు చెప్పి, మిషన్‌కి తగిలించిన కొత్త గొట్టంలో ఆరు సెకన్లు ఊది, సున్నా అనిపించుకుని, బస్సు తాళం తీసుకుని పోతారు. సున్నా కాక ఇంకే అంకె వచ్చినా తాళం ఇవ్వరు. యాభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని తిరిగేవాడి నోట్లోంచి మందు వాసన రాకూడదన్నది రూలు. మంచి రూలే, దాంతో నాకేం పేచీ లేదు.

ఆ వరసలో రోజూ అందరికంటే ముందు నిలబడే మనిషిని డిపోలో మేష్టారంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మలుపులో బస్సు తిప్పడం నేర్పేది ఆయనే. యాభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు పీకల దాకా తాగేవాడనీ, ఆరేళ్ళుగా చుక్క ముట్టలేదనీ డిపోలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. నాలుగు నెలల కిందట ఊదుడు గదికి టెక్నీషియన్‌గా వచ్చిన అమ్మాయి ఆయన సొంత కూతురు.

మొదటి రోజు ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పందొమ్మిదేళ్ళయింది చూసి. పదేళ్ళ పిల్ల ఇరవై తొమ్మిదేళ్ళ మనిషై కుర్చీలో కూర్చుని ఉంటే ఏ తండ్రైనా తడబడతాడు, కానీ మిషన్ అందుకోవడానికి ఆమె ఎడమ చెయ్యి చాపింది. ఆ మోచెయ్యి పూర్తిగా సాగలేదు. దాంతో ఇంక అనుమానం లేకపోయింది. ఆమె కాగితంలో ఆయన పేరు చూసింది, ముఖంలోకి చూసింది. నంబరు చెప్పమంది. చెప్పాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆపమనేదాకా ఊదమంది. ఊదాడు. సున్నా వచ్చింది. తర్వాత ఎవరు, అని వెనకవాణ్ణి పిలిచింది. అంతే.

ఆ మోచేతి సంగతి చెప్పాలి. అప్పట్లో ఆయన లారీ నడిపేవాడు. సాయంత్రం ఇంటికొస్తే భార్య వెంటనే తలుపు తీసేది కాదు. నాన్న నోరు వాసన చూసి రమ్మని ఏడేళ్ళ కూతుర్ని కిటికీ దగ్గరికి పంపేది. పిల్ల చువ్వల మధ్య ముఖం పెట్టేది, ఆయన బయటినుంచి వంగి హా అని ఊదేవాడు. వాసన ఉందంటే ఇంట్లో యుద్ధం, లేదంటే అన్నం. పిల్లకి అన్నమే ఇష్టం. అందుకని గుప్పుమని కొట్టినా లేదమ్మా అనేది. తల్లికి తెలియదా అంటే తెలుసు, కానీ రోజంతా చాకిరీ చేసి అలిసిపోయిన మనిషి వినాలనుకున్నదే వింటుంది. అలా మూడేళ్ళు గడిచాయి. ఒక రోజు పిల్ల అలాగే లేదమ్మా అంది, ఆయన పిల్లని స్కూటరెక్కించుకుని నోటు పుస్తకాలు కొనడానికి బజారుకి బయల్దేరాడు. బజారు చేరలేదు, ఆస్పత్రి చేరారు. ఆయనకి చిన్న గీత కూడా పడలేదు. పిల్ల మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పకముందే భార్య పిల్లని తీసుకుని అన్నగారింటికి వెళ్ళిపోయింది. పిల్లకి పెళ్ళయిందనీ, కొన్నాళ్ళకి తల్లి పోయిందనీ మూడో మనిషి చెబితే విన్నాడు. ఆవిడ పోయిన కబురు విన్న రోజే మానేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆయనే ఒప్పుకుంటాడు.

ఊదుడు గది గోడ మీద పన్నెండు రూళ్ళు అంటించి ఉంటాయి. టెక్నీషియన్ రక్తసంబంధీకులెవరైనా పనిచేసే డిపోలో ఆ టెక్నీషియన్ ఉండకూడదన్నది ఏడోది. ఆమె ఒక్క మాట చెబితే మర్నాటికల్లా వేరే డిపోకి మార్చేస్తారు. చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఆయన చెప్పకపోవడం సరే, రోజుకి ఆరు సెకన్లైనా బిడ్డ ముఖం కనబడుతుందని. ఆమె ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న పట్టుకుని మేష్టారు నాలుగు నెలలు బతికాడు. కోపముంటే చెప్పేసి పోయేదిగా, పోలేదంటే ఎక్కడో ఓ మూల నాన్న అన్న మాట మిగిలుందేమో అనుకునేవాడు. ఒక్కసారి ఆ నోటితో నాన్నా అని పిలిపించుకుంటే చాలు, ఆ మర్నాడు పోయినా ఫరవాలేదనుకునేవాడు. ముసలాళ్ళ ఆశ అలాగే ఉంటుంది, గోరంత దొరికితే కొండంత చేసుకుంటారు.

ఆరు సెకన్లలో ఏం మాట్లాడతారు. ఊదేవాడి నోట్లో గొట్టం ఉంటుంది, ఊదించేవాళ్ళ కళ్ళు మిషన్ మీద ఉంటాయి. మీరు అంటుంది, అండీ అంటుంది, అందరితో ఎలా మాట్లాడుతుందో అలాగే.

ఇలా ఉండగా ఆయనకి పన్ను నొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు ఓ ఆకుపచ్చ మందు సీసా ఇచ్చి రోజుకి రెండుసార్లు పుక్కిలించమన్నాడు. ఆ పొద్దున్న డిపో పంపు దగ్గర పుక్కిలించి తిన్నగా వెళ్ళి ఊదాడు. మిషన్ కూసింది, ఎర్ర దీపం వెలిగింది. వరసలో ఉన్నవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఇక ఒకప్పుడు నిజంగా కల్లు తాగినవాడి సంగతి చెప్పాలా. పక్క గదిలో ఇంకో మిషన్, ఇంకో టెక్నీషియన్ ఉన్నారు కాబట్టి వరసంతా నవ్వుకుంటూ అటు మళ్ళింది.

మేష్టారు భయపడి పన్ను, మందు, సీసా అన్నీ చెప్పాడు. ఆమె అన్నీ రాసుకుంది. పుక్కిలించే మందులో స్పిరిట్ ఉంటుంది, అది నోట్లోనే ఉండి పది నిమిషాల్లో పోతుంది. తాగి కడుపులోకి వెళ్ళిన మందైతే అంత తొందరగా పోదు. ఆ తేడా తేల్చడానికే పదిహేను నిమిషాల రూలు. ఆ పదిహేను నిమిషాలూ డ్రైవరు ఏమీ తినకూడదు, తాగకూడదు, కనీసం త్రేన్చకూడదు. టెక్నీషియన్ ఎదురుగా కూర్చుని అతని మీంచి చూపు తిప్పకూడదు. ఆమె తలుపు మూసి, గడియారం చూసి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

అలా పందొమ్మిదేళ్ళ తర్వాత కూతురు తండ్రి ముఖంలోకి పదిహేను నిమిషాలు చూసింది, రూలు చూడమంది కాబట్టి. ఆయనా చూశాడు, ఆయన్ని ఎవరూ వద్దనలేదు కాబట్టి. తల్లి నుదురు వచ్చింది. చెవి పక్కన అప్పుడే రెండు తెల్ల వెంట్రుకలు. గోళ్ళు కొరుక్కునే అలవాటు ఇంకా పోలేదు. టేబులు మీద బోర్లించిన ఫోను వెనక ఓ చిన్న కాగితం అంటించి ఉంది, దాని మీద క్రేయానుతో గీసిన ఇల్లు, ఇంటికంటే పెద్ద పిల్లి. సమయం అవగానే ఊదాడు. సున్నా. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. మేష్టారు తాళం తీసుకుని బయటికొచ్చి, ఆ రోజంతా ప్రతి స్టాపులో ఆ పిల్లి బొమ్మనే తలుచుకున్నాడు.

పన్ను నొప్పి వారంలో తగ్గిపోయింది. సీసా మాత్రం పారెయ్యలేదు.

రెండు వారాలు ఓపిక పట్టాడు. తప్పని తెలుసు. తెలిసీ ఓ పొద్దున్న పంపు దగ్గర అటూ ఇటూ చూసి, ఓ గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి, తిన్నగా వెళ్ళి ఊదాడు. ఎర్ర దీపం. పన్ను తిరగబెట్టిందని చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది, చేతులు టేబులు కిందకి దించేసుకుంది. మేష్టారు అదేం పట్టించుకోలేదు. ఆయన దృష్టంతా ఫోను వెనక పిల్లి మీదే ఉంది. అయిదో నిమిషంలో ధైర్యం చేసి, గీసింది పాపా, బాబా అని అడిగాడు. పాప, అంది. ఎన్నేళ్ళని అడిగాడు. అయిదు, అంది. ఆయనకి ఓ మనవరాలుంది, ఆ మనవరాలికి అయిదేళ్ళు. మిగతా పది నిమిషాలు ఆ పిల్లి బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. సున్నా వచ్చాక తలుపు దాటుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. మర్నాటినుంచి ఒకటే ధ్యాస. ఆ పాప ఎవరి పోలిక? ఏం పేరు పెట్టారు? బళ్ళో వేశారా? ఇదంతా తెలియాలంటే ఇంకో పదిహేను నిమిషాలు కావాలి.

ఆశ మనిషికి రూళ్ళు చదవనివ్వదు. చదివుంటే తొమ్మిదోది కనబడేది. నెలలో మూడుసార్లు మొదటి ఊదుడులో అంకె వస్తే రెండో ఊదుడు డిపో మేనేజరు ఎదుటే జరగాలి. అందులో అంకె వచ్చినా, మూడు ప్రయత్నాల్లో సరిగ్గా ఊదలేకపోయినా తాగినట్టే లెక్క, ఉద్యోగం ఉండదు. కొత్త కుర్రాళ్ళకి ఇవన్నీ కంఠతా పట్టించింది మేష్టారే. మరో వారానికి ఆయనే మూడోసారి పుక్కిలించి వెళ్ళాడు.

మిషన్ కూసింది. ఆమె తలుపు మూసింది. కానీ ఈసారి కుర్చీ లాక్కోలేదు, గడియారమూ చూడలేదు. ఆయన దగ్గరికొచ్చి, వంగి, ఆయన ముఖం ముందు ముఖం పెట్టి వాసన చూసింది.

"పన్ను నొప్పేనా?" అంది.

మేష్టారు అవుననబోయాడు. అంత దగ్గరగా ఆ కళ్ళు చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. తల అడ్డంగా ఊపాడు.

"మరెందుకు?"

"నిన్ను చూద్దామనమ్మా. ఇలాగైతే కాసేపు కూర్చుంటావని."

ఆమె వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. అరుస్తుందేమోననుకున్నాడు, అరవలేదు. చిన్న గొంతుతోనే మాట్లాడింది.

"నేను ఈ డిపోకి ఎందుకొచ్చానో తెలుసా నీకు? నువ్వు మానేశావని ఎవరో చెప్పారు. నేను నమ్మలేదు. నా కళ్ళతో చూద్దామని అడిగి వేయించుకున్నాను. రోజూ నువ్వు ఊదుతావు, సున్నా వస్తుంది. ఇంటికెళ్ళి క్యాలెండరులో ఆ రోజు మీద టిక్కు పెట్టుకునేదాన్ని. ఎనభై తొమ్మిది టిక్కులు. వంద అయ్యాక ఒక రోజు పాపని తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను."

మేష్టారు నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"నువ్వు నన్ను చూస్తూ కూర్చున్నావు కదా, బాగానే ఉండుంటుంది నీకు. నేనేం చేస్తున్నానో తెలుసా? మళ్ళీ తాగాడా, తాగాడా అనుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిలబడ్డట్టే ఉంది నాకు. చిన్నప్పుడు రోజూ అలా చచ్చాను. సరిపోలేదా?"

పళ్ళ మందు తనని కూతురి ఎదుట కూర్చోబెట్టిందనుకున్నాడు గానీ, కూతుర్ని ఏ కిటికీ దగ్గర నిలబెట్టిందో ఆయనకి ఆ క్షణం దాకా తట్టనే లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదయింది. తప్పయిపోయిందమ్మా అని కూడా అనలేకపోయాడు, ఆ మాట పందొమ్మిదేళ్ళ కిందట అనాల్సింది.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను తీసి మేనేజరుని పిలిచింది. పక్క గది టెక్నీషియన్నీ వెంట తీసుకురమ్మంది. ఆ టెక్నీషియన్ బట్టతల పెద్దమనిషి, ఏ మాటైనా అరిచినట్టే చెబుతాడు. ఇద్దరూ వచ్చాక ఆమె ఉద్యోగపు గొంతుతో, ఈ డ్రైవరుకి ఇది మూడో అంకె, రెండో ఊదుడు నేను చేయించకూడదు, అంది. మేనేజరు ఎందుకని అడిగాడు.

"ఈయన మా నాన్న," అంది ఆమె.

మేనేజరు గోడ మీది ఏడో రూలు వైపూ, ఇద్దరి ముఖాల వైపూ మార్చి మార్చి చూశాడు. నాలుగు నెలలు దాచారా అని ఇద్దరికీ కలిపి పెట్టాల్సిన చీవాట్లు పెట్టాడు. ఆమెని ఆ రోజే ఊరికి ఆ కొసనున్న డిపోకి మారుస్తున్నానన్నాడు, కాగితం అక్కడే రాయించాడు. సంబంధం అన్న గడిలో తండ్రి అని రాసి ఆమె సంతకం పెట్టింది. ఆ ఒక్క మాట కోసమే మేష్టారు నాలుగు నెలలు కాచుకున్నాడు. వచ్చింది, కానీ ఆయన్ని పిలవడానికి కాదు, ఆయన్ని వదిలి వెళ్ళడానికి. సంతకం పెట్టి ఆమె బయటికి వెళ్ళి తలుపు వేసింది.

బట్టతలాయన ఎదురుగా కూర్చుని చూపు తిప్పకుండా కాపలా కాశాడు. పదిహేను నిమిషాలు మళ్ళీ మొదటినుంచి లెక్క. ఇంతకుముందు రెండుసార్లు చిటికెలో అయిపోయిన ఆ సమయం ఈసారి ఎంతకీ కదల్లేదు. మేష్టారు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళిపోయుంటుంది. వంద రోజులకి పదకొండు తక్కువ. పదకొండు రోజులు నోరు మూసుకుని ఊది ఉంటే మనవరాలు నడిచొచ్చేది.

సమయం అయింది. కొత్త గొట్టం తగిలించి ఊదమన్నారు. ఊపిరి పీల్చుకున్నాడు, ఊదబోయాడు, ఆ ఊపిరి ఏడుపై బయటికొచ్చింది. మిషన్ తీసుకోలేదు. ఒకటి, అన్నాడు బట్టతలాయన. కాసేపాగి రెండోసారి ఊదాడు. రెండు సెకన్లకే గొంతు పూడుకుపోయి దగ్గు వచ్చింది. రెండు, అన్నాడు బట్టతలాయన, పాపం ఆ మాట మటుకు మెల్లిగానే అన్నాడు. మేనేజరు కుర్చీలో ముందుకి జరిగాడు.

"మేష్టారూ, మీరే నేర్పారు మా వాళ్ళకి. ఇంకొక్కటే ఉంది. ఊదకపోతే నా చేతిలో ఏమీ ఉండదు."

తెలుసన్నట్టు తలాడించాడు మేష్టారు. గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెదవులు వణికి గొట్టం నిలవలేదు. ఉద్యోగం గురించి కాదు ఆయన దిగులు. ఊదలేకపోతే కాగితం మీద తాగినట్టే రాస్తారు. ఆ కాగితం ఎప్పటికైనా కూతురు కంట పడుతుంది. ఆ ఆలోచన రాగానే ఉన్న ఊపిరి కూడా పోయింది.

అప్పుడు మూసిన తలుపు అవతలినుంచి వినబడింది.

"నాన్నా."

ముగ్గురూ తలుపు వైపు చూశారు. తెరవడానికి లేదు, రూలు ఒప్పుకోదు. ఆమె తెరవలేదు.

"నాన్నా, కంగారు పడకు. ముందు ఉన్న ఊపిరంతా వదిలెయ్యి. ఆ. ఇప్పుడు నెమ్మదిగా పీల్చుకో, పొట్ట నిండా. గొట్టం పళ్ళతో పట్టుకో. నేను చెప్పేదాకా ఆపకు. ఊదు."

ఊదాడు మేష్టారు. ఒకటీ, రెండూ, మూడూ అని తలుపు అవతల ఆమె లెక్కపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు గొట్టం మీదికి కారుతున్నా ఊదుతూనే ఉన్నాడు. ఆమె ఆరు అన్నాక కూడా ఊదుతుంటే, బట్టతలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

సున్నా, అన్నాడు బట్టతలాయన. ఆయన అలవాటు ప్రకారం ఆ మాట డిపో అంతా వినబడేలా అన్నాడు.

మేష్టారు లేచి వెళ్ళి తలుపు తెరిచేసరికి నడవాలో ఎవరూ లేరు. సున్నా అన్న మాట వినేదాకా ఉందనీ, విన్నాకే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిందనీ వరసలో ఉన్నవాళ్ళు చెప్పారు. గేటు దాకా పరిగెత్తితే అందుతుందేమో. కాళ్ళు అటు లాగాయి. మేష్టారు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తనకి కావాల్సినప్పుడల్లా తనే ఆమె ఎదుటికి వెళ్ళాడు. ఇక ఆమె రావాలి. వస్తే ఈ ఏడు రావచ్చు, వచ్చే ఏడు రావచ్చు, రాకపోనూ వచ్చు. అంతదాకా రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరు ఊదించినా ఊది, ఆమె చూడని సున్నాలు సంపాదించాలి.

తాళం తీసుకుని బస్సు దగ్గరికి నడిచాడు.